పడుకునే ముందు ఏం రాయాలి? నడివయసు నిద్రకు డైరీ ఎంతవరకు సాయం చేస్తుంది

నలభై అయిదు, యాభై ఏళ్ల వాళ్లు నిద్ర గురించి చెప్పుకునే బాధ ఎక్కువగా రెండు రకాలు. పగలంతా కళ్లు మూతలు పడుతుంటాయి, తీరా లైటు ఆర్పి పడుకోగానే తల పనిచేయడం మొదలుపెడుతుంది. లేదంటే పడుకోగానే నిద్ర పట్టేస్తుంది కానీ రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, ఆ తర్వాత ఎంత దొర్లినా కునుకు రాదు. ఆ వేళలో గుర్తొచ్చేవి పెద్ద పెద్ద విషయాలేమీ కావు. కట్టాల్సిన ఫీజు, నాన్నగారి స్కాన్ రిపోర్టు, ఆఫీసులో సగం రాసి వదిలేసిన ఈమెయిల్, నిన్న కొడుకు విసురుగా అన్న ఒక మాట. పగటిపూట ఇవి పది నిమిషాల్లో తేలిపోయే సంగతులే. చీకట్లో ఒక్కొక్కటీ కొండంత అవుతుంది.

దీనికి విరుగుడుగా "డైరీ రాయండి" అనే సలహా ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తోంది. సలహా మంచిదే. కానీ ఏం రాయాలో, ఏ వేళకు రాయాలో చెప్పకుండా ఇస్తే అది సగం సలహా. పడుకునే ముందు గుండెల్లో బరువంతా కాగితం మీద దించేయమని చెబితే, కొందరికి ఆ రాత్రి పట్టాల్సిన నిద్ర కూడా పోతుంది. ఇన్నేళ్ల పరిశోధనలను దగ్గరగా చూస్తే తెలిసేదేమిటంటే, త్వరగా నిద్ర పట్టడానికి పనికొచ్చే రాత వేరు, మనసు తేలికపడడానికి రాసేది వేరు, తన నిద్ర ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి రాసేది ఇంకా వేరు. వాటి వేళలు కూడా వేరు. ఒకదాని వేళలో ఇంకొకటి రాస్తే ఫలితం తారుమారవుతుంది.

నిద్ర పలచబడడం వెనుక

వయసుతో నిద్ర మారడం సహజం. మారిస్ ఒహయాన్ బృందం 2004లో 65 అధ్యయనాలను కలిపి, మూడున్నర వేల మందికి పైగా ఆరోగ్యవంతుల నిద్ర వివరాలను పరిశీలించింది. పెద్దవాళ్లలో పదేళ్లకు సుమారు 10 నిమిషాల చొప్పున మొత్తం నిద్ర తగ్గుతూ వస్తుందనీ, 30 నుంచి 60 ఏళ్ల మధ్య రాత్రిపూట మెలకువగా గడిపే సమయం కూడా దాదాపు అంతే చొప్పున పెరుగుతుందనీ తేలింది. గాఢ నిద్ర వాటా కూడా తగ్గుతుంది. పైగా గాఢ నిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి సగంలోనే పూర్తవుతుంది. రెండో సగంలో నిద్ర తేలికగా ఉంటుంది కాబట్టి చిన్న చప్పుడుకో, మూత్రానికి వెళ్లాలనిపించో మెలకువ రావడం వింతేమీ కాదు. మెనోపాజ్ దగ్గరపడిన స్త్రీలకు ఒంట్లోంచి ఒక్కసారిగా ఆవిర్లు, చెమటలు తోడవుతాయి. మగవాళ్లలో కొందరికి ప్రోస్టేట్ పెరగడం వల్ల రాత్రి రెండు మూడు సార్లు లేవాల్సి వస్తుంది.

ఇవన్నీ మెలకువ తెప్పిస్తాయి. మెలకువను గంటల తరబడి సాగదీసేది మాత్రం ఆ తర్వాత జరిగే తంతు. నిద్రలేమిలో ఆలోచనల పాత్రను ఆలిసన్ హార్వీ అనే మనస్తత్వవేత్త 2002లో వివరించారు. నిద్ర పట్టలేదన్న దిగులు ఒంటిని మెలకువ స్థితిలోకి లాగుతుంది. అక్కడి నుంచి మనిషి తనను తాను కాపలా కాయడం మొదలుపెడతాడు. గుండె వేగంగా కొట్టుకుంటోందా, టైం ఎంతయింది, ఇప్పుడు పడుకుంటే ఎన్ని గంటలు మిగులుతాయి అని లెక్కలు వేస్తాడు. ఆ లెక్కలే దిగులును ఇంకాస్త పెంచుతాయి. గడియారం చూడడం మానేయమని నిద్ర నిపుణులు పదేపదే చెప్పేది అందుకే.

నడివయసులో ఈ తంతుకు ముడిసరుకు కొరత ఉండదు. ఒకవైపు ఎదిగే పిల్లలు, మరోవైపు వంగిపోతున్న తల్లిదండ్రులు, మధ్యలో ఉద్యోగం, సొంత ఒంట్లో అప్పుడప్పుడే మొదలవుతున్న బీపీ, షుగర్. ఇరవై ఏళ్ల వయసులో ఎవరి పని వాళ్లు గుర్తుపెట్టుకుంటే చాలు. నలభై ఎనిమిదేళ్ల మనిషి నలుగురి పనులు తలలో మోస్తుంటాడు, లేదా మోస్తుంటుంది. చాలా ఇళ్లలో ఆ మోత ఆడవాళ్ల మీదే ఎక్కువగా పడుతుందన్నది కూడా దాచాల్సిన మాట కాదు.

అయిదు నిమిషాల జాబితా

పడుకునే ముందు రాయడంపై జరిగిన ప్రయోగాల్లో అన్నిటికంటే ఉపయోగపడేది బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం చేసింది. 2018లో ప్రచురితమైంది. 18 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న 57 మందిని నిద్ర ప్రయోగశాలలో ఒక రాత్రి పడుకోబెట్టారు. పడుకునే ముందు అయిదు నిమిషాలు రాయమన్నారు. సగం మంది రాబోయే కొన్ని రోజుల్లో గుర్తుపెట్టుకుని చేయాల్సిన పనులు రాశారు. మిగతా సగం మంది గడిచిన రోజుల్లో పూర్తిచేసిన పనులు రాశారు. తలకు తీగలు అమర్చి మెదడు తరంగాలను నమోదు చేశారు కాబట్టి, "నాకు బాగా పట్టింది" అన్న నోటిమాట మీద ఆధారపడాల్సిన అవసరం లేకపోయింది.

చేయాల్సిన పనులు రాసినవాళ్లకు సగటున 16 నిమిషాల్లో నిద్ర పట్టింది. చేసేసిన పనులు రాసినవాళ్లకు 25 నిమిషాలు పట్టింది. మామూలుగా ఆలోచిస్తే ఇది తలకిందులుగా కనిపిస్తుంది. రేపటి పనులు తలచుకుంటే దిగులు పెరగాలి, పూర్తయిన పనులు తలచుకుంటే తృప్తి కలగాలి కదా! జరిగింది వేరు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా నిద్ర పట్టింది. పూర్తిచేసిన పనులు రాసినవాళ్లలో మాత్రం వివరం పెరిగే కొద్దీ నిద్ర ఆలస్యమయ్యే ధోరణి కనిపించింది.

దీని మూలం చాలా పాతది. సగంలో ఆగిన పనులు పూర్తయిన వాటికంటే ఎక్కువగా గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ 1927లోనే రాశారు. ఆ తర్వాతి ప్రయోగాల్లో ఈ ఫలితం ప్రతిసారీ అదే గట్టిదనంతో రాలేదు కానీ, దాని నుంచి పుట్టిన ప్రశ్న మిగిలింది: పని పూర్తయితే తప్ప మనసు దాన్ని వదలదా? వదులుతుందని 2011లో మసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వవేత్తలు చూపించారు. పని పూర్తికాకపోయినా, దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో పథకం వేసుకుంటే చాలు, ఆ ఆలోచన పదేపదే తలదూర్చడం తగ్గింది. మనసు అడిగేది పని పూర్తికావడాన్ని కాదు, ఆ పని మరుగున పడదన్న భరోసాను. కాగితం ఆ భరోసా ఇస్తుంది.

అందుకే జాబితాలో మాటలు ఎలా ఉన్నాయన్నది చాలా ముఖ్యం. ఒకావిడ పడుకునే ముందు "అమ్మ ఆరోగ్యం" అని రాసి నోట్‌బుక్ మూసేసిందనుకుందాం. అది పని కాదు, దిగులు పేరు. ఆ రెండు మాటల వెనక పాతిక ప్రశ్నలున్నాయి, అవన్నీ ఆమెతో పాటే పక్క మీదకు వస్తాయి. అదే విషయాన్ని ఇలా రాయొచ్చు: "ఉదయం పదిన్నరకు క్లినిక్‌కు ఫోన్ చేసి గురువారానికి అపాయింట్‌మెంట్ అడగాలి. పాత రిపోర్టులు బీరువాలో పై అరలో ఉన్నాయి, రేపు రాత్రి తీసి సంచిలో పెట్టాలి. బీపీ మాత్రలు ఆదివారం దాకానే వస్తాయి, శనివారం తేవాలి. అన్నయ్యను ఆ రోజు కారు పంపమని మధ్యాహ్నం భోజనం టైములో అడగాలి." అమ్మ ఆరోగ్యం బాగుపడలేదు. కానీ ఇప్పుడు ప్రతి వాక్యంలో ఒక క్రియ ఉంది, ఒక వేళ ఉంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి అమ్మ గుర్తొస్తే, "అది రాసిపెట్టాను" అని మనసుకు చెప్పడానికి ఒక ఆధారం ఉంది.

ఈ ప్రయోగానికి ఉన్న పరిమితిని కూడా చెప్పుకోవాలి. అందులో పాల్గొన్నవాళ్లు కుర్రవాళ్లు, ఆరోగ్యవంతులు. గమనించింది ఒక్క రాత్రి. యాభై ఏళ్ల మనిషికి అచ్చంగా తొమ్మిది నిమిషాలే కలిసొస్తాయని దీన్నిబట్టి ఎవరూ చెప్పలేరు. అయినా ఖర్చు అయిదు నిమిషాలు, ఒక కాగితం. హాని లేదు. నిద్రమాత్రకు ముందు ప్రయత్నించాల్సిన వాటిలో దీనికి చోటివ్వడానికి ఆ మాత్రం ఆధారం సరిపోతుంది.

బరువైన విషయాలు సాయంత్రమే

మనసులోని గాయాల గురించి రాయడం మరో దారి. జేమ్స్ పెనబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంతో ఇది మొదలైంది. విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. కొందరు తమ జీవితంలోని బాధాకరమైన సంఘటన గురించి, మిగతావాళ్లు మామూలు విషయాల గురించి. సంఘటనతో పాటు దాని తాలూకు భావాలను కూడా రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరకు వెళ్లిన సందర్భాలు తగ్గాయి. ఈ ఫలితం ఎంతో పేరు తెచ్చుకుంది. దానితో పాటు వచ్చిన ఇంకో ఫలితాన్ని మాత్రం తక్కువమంది గుర్తుపెట్టుకున్నారు: రాసిన వెంటనే వాళ్ల మనసు కుదుటపడలేదు, ఇంకా కలత చెందింది. మేలు కనిపించింది కొన్నాళ్ల తర్వాత.

రాసిన వెంటనే మనసు కలతపడే పనిని లైటు ఆర్పడానికి పది నిమిషాల ముందు పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. "పడుకునే ముందు మనసు విప్పి రాయండి" అనే సలహాలో లోపం ఇక్కడే ఉంది. రాత మంచిదే, వేళ తప్పు.

ఆశలు కూడా అదుపులో ఉండాలి. జోవాన్ ఫ్రాటరోలి 2006లో ఇలాంటి 146 అధ్యయనాలను కలిపి చూస్తే సగటు ప్రయోజనం ఉన్నమాట నిజమే కానీ అది చిన్నదని తేలింది. అందరికీ ఒకేలా పనిచేయదు కూడా. డేవిడ్ స్బారా బృందం 2013లో, జీవిత భాగస్వామి నుంచి ఈమధ్యే విడిపోయిన 90 మందితో చేసిన ప్రయోగంలో, జరిగినదాన్ని అదే పనిగా తవ్వుకునే స్వభావం ఉన్నవాళ్లకు భావాల గురించి రాయడం మేలు చేయకపోగా కోలుకోవడాన్ని వెనక్కి లాగింది. అలాంటివాళ్లే మామూలు దినచర్య రాసినప్పుడు మెరుగ్గా ఉన్నారు. నడివయసులో విడాకులు, ఆప్తుల మరణం, ఉద్యోగం పోవడం లాంటివి ఎదుర్కొనేవాళ్లు ఎందరో ఉంటారు కాబట్టి ఈ ఒక్క అధ్యయనాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

తన రాత మేలు చేస్తోందో, పుండును కెలుకుతోందో ఎలా తెలుస్తుంది? పెనబేకర్ తర్వాతి కాలంలో రాతల్లోని మాటలను లెక్కపెట్టి చూశారు. రోజులు గడిచే కొద్దీ కారణాన్ని, గ్రహింపును తెలిపే మాటలు పెరిగిన రాతల వల్ల ఎక్కువ మేలు కలిగింది. దీన్ని తెలుగు రాతకు అన్వయించుకోవడం కష్టమేమీ కాదు. నాలుగు రోజుల పేజీలు వరుసగా తిరగేసి చూడాలి. మొదటి రోజు "నాకే ఎందుకిలా", నాలుగో రోజూ "నాకే ఎందుకిలా" అని ఉంటే అక్కడితో ఆపేయాలి. అదే "ఎందుకిలా" నెమ్మదిగా "అందుకేనేమో" అయి, "అప్పుడు నాకు తోచలేదు, ఇప్పుడు అర్థమవుతోంది" దాకా వస్తే రాత నడుస్తోందన్నమాట. ఆపేయడంలో ఓటమి ఏమీ లేదు. కొన్ని దుఃఖాలు కాగితంతో కాదు, ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పుకుంటేనే తీరతాయి.

బరువైన విషయాలకు, నిద్రకు మధ్య వంతెన లాంటి పద్ధతి ఒకటుంది. కొలీన్ కార్నీ, విలియం వాటర్స్ 2006లో దీన్ని పరీక్షించారు. పడుకునే సమయానికి రెండు గంటల ముందే, సాయంత్రం వేళ, కాగితాన్ని నిలువుగా రెండుగా విభజించాలి. ఎడమ పక్క రాత్రి నిద్ర చెడగొట్టే అవకాశమున్న చింతలు. కుడి పక్క ఒక్కొక్కదానికీ వేయగలిగే మొదటి అడుగు. పూర్తి పరిష్కారం అక్కర్లేదు, తర్వాతి అడుగు చాలు. చేయగలిగిందేమీ లేకపోతే ఆ సంగతే రాయాలి. తర్వాత కాగితం మడిచి పక్కన పెట్టేయాలి. ఇలా చేసినవాళ్లకు పడుకునే వేళ తలలో హడావిడి తగ్గిందని వాళ్ల ఫలితాలు చెప్పాయి. డైరీ పద్ధతుల్లో ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే, చింతలతో నిద్ర పోగొట్టుకునే నడివయసు మనిషికి తగినది ఇదే అనిపిస్తుంది.

కృతజ్ఞతా డైరీ మాటేమిటి? రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలో 2003లో ప్రచురించిన పరిశోధనలో, నాడీకండరాల జబ్బులున్న 65 మంది పాల్గొన్న భాగం ఒకటుంది. 21 రోజులు తమకు కలిగిన మేళ్లను రాసుకున్నవాళ్లు ఎక్కువసేపు పడుకున్నామని, లేచేసరికి హాయిగా ఉందని చెప్పారు. ఇష్టమున్నవాళ్లు జాబితా చివర ఒకటి రెండు వాక్యాలు ఇలాంటివి చేర్చుకోవచ్చు. ఇల్లంతా కష్టంలో ఉన్న రోజున బలవంతంగా మూడు మంచి విషయాలు వెతకాల్సిన పని లేదు.

ఉదయం రాసే నాలుగు అంకెలు

మూడో రకం రాతలో భావాలకు చోటు లేదు. నిద్ర వైద్యంలో దీన్ని స్లీప్ డైరీ అంటారు. లేచిన గంటలోపు రాయాలి: ఎప్పుడు మంచమెక్కారు, నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, మధ్యలో ఎంతసేపు మెలకువగా ఉన్నారు, చివరికి ఎప్పుడు లేచారు. అన్నీ ఉజ్జాయింపే. కచ్చితంగా రాయాలని రాత్రంతా గడియారం చూస్తే అసలుకే మోసం.

రాత్రి పదిన్నరకు మంచమెక్కి, పొద్దున ఆరున్నరకు దిగిన మనిషి ఎనిమిది గంటలు పక్క మీద ఉన్నట్టు. అందులో నిద్రపోయింది ఆరు గంటలైతే, మంచం మీద గడిపిన సమయంలో నిద్ర వాటా 75 శాతం. సాధారణంగా 85 శాతం, ఆ పైన ఉంటే ఫర్వాలేదనుకుంటారు. ఈ లెక్క చూసినప్పుడు చాలామందికి ఒక కొత్త విషయం తెలుస్తుంది: నిద్ర చాలడం లేదని ఇంకా ముందుగా మంచమెక్కడం వల్ల నిద్ర పెరగడం లేదు, దొర్లడం పెరుగుతోంది. రెండు వారాల పేజీల్లో మిగతావి కూడా కనబడతాయి. సాయంత్రం నాలుగున్నరకు తీసిన కునుకు, అయిదింటికి తాగిన కాఫీ, ఆదివారం తొమ్మిదింటి దాకా పడుకోవడం. కెఫీన్ సగం తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది కాబట్టి ఆ అయిదింటి కాఫీ రాత్రి పదికి కూడా ఒంట్లో సగం మిగిలే ఉంటుంది.

ఈ లెక్క రెండు వారాలు చాలు. నెలల తరబడి అంకెలు రాస్తూ కూర్చుంటే నిద్ర ఒక పరీక్షలా మారుతుంది. చేతికి కట్టుకునే పరికరాల్లో వచ్చే అంకెల మీద బెంగతో నిద్ర చెడగొట్టుకునేవాళ్ల గురించి నిద్ర నిపుణులు 2017లోనే రాశారు.

అలవాటు ఎక్కడ తప్పుతుంది

కొత్త డైరీ కొన్న ఉత్సాహం సాధారణంగా పదో రోజుకు తగ్గుతుంది. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడిపోతుందన్న మాటకు గట్టి ఆధారం లేదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, ఇంకొందరికి 254 దాకా పట్టవచ్చని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పాడవలేదు. రెండు రోజులు రాయలేదని నోట్‌బుక్ అటకెక్కించేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ చివరి ముక్కే.

రోజూ తప్పకుండా చేసే పనికి దీన్ని ముడిపెడితే తేలిక. పళ్లు తోముకున్నాక, తలుపు గడియ వేశాక, రాత్రి మందు వేసుకున్నాక. కుర్చీలోనో, బల్ల దగ్గరో కూర్చుని రాయడం మంచిది. మంచం నిద్రకే గుర్తుగా ఉండాలి. ఫోన్‌లో కంటే కాగితం మీద రాయడమే మేలు. తెర వెలుతురు ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్‌ను తగ్గిస్తుంది. పైగా రేపటి పనులు రాద్దామని ఫోన్ తీసినవాళ్లకు అందులో అప్పటికే వచ్చి కూర్చున్న మెసేజీలు కనబడకుండా ఉండవు. అర్ధరాత్రి మెలకువ వచ్చి ఏదో కొత్త చింత తోస్తే, లేచి మసక వెలుతురులో ఒకే ఒక్క వాక్యం రాసి, "రేపు సాయంత్రం చూడాలి" అని పక్కన పెట్టేయాలి. ఆ వేళ పరిష్కారాల జోలికి పోకూడదు.

ఎవరూ పైకి చెప్పని అడ్డంకి ఒకటుంది. ఎవరైనా చదువుతారేమోనన్న భయం. నలుగురున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. అత్తగారి గురించో, భర్త గురించో, అప్పుల గురించో రాసిన పేజీ ఎవరి చేతికైనా చిక్కితే ఏమవుతుందన్న భయంతో రాసేవాళ్లు తమకు తామే అబద్ధం చెప్పుకోవడం మొదలుపెడతారు. అలాంటి రాత పనిచేయదు. దీనికి పరిష్కారం తేలికే: రేపటి పనుల జాబితా నోట్‌బుక్‌లో ఉండాలి, బరువైన విషయాలు విడి కాగితాల మీద రాసి, నాలుగు రోజులవీ ఒకసారి తిరగేశాక చించేయాలి. మేలంతా రాయడంలోనే ఉంది, దాచిపెట్టడంలో లేదు.

కాగితం చేయలేని పని

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకు, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడేవాళ్లకు స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి. నడివయసులో, బరువు పెరిగినవాళ్లలో, మెనోపాజ్ తర్వాత స్త్రీలలో ఇది ఎక్కువవుతుంది. డైరీ దీన్ని ఏమీ చేయలేదు. పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం, నిద్ర చెడగొట్టే ఆవిర్లు, వారాల తరబడి దేని మీదా ఆసక్తి లేకపోవడం కూడా వైద్యం అవసరమైనవే. బతకాలని లేదన్న ఆలోచన కాగితం మీదకు వచ్చిందంటే ఆ రోజే నమ్మకమైన మనిషికి చెప్పాలి, డాక్టరును కలవాలి.

వారంలో కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు పైగా ఇబ్బంది సాగితే దాన్ని దీర్ఘకాల నిద్రలేమి అంటారు. దానికి మాత్రల కంటే ముందు నిద్రకు అడ్డొచ్చే ఆలోచనలను, అలవాట్లను మార్చే సీబీటీ-ఐ అనే మానసిక చికిత్సనే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. ఆ చికిత్స మొదలయ్యేది కూడా రెండు వారాల స్లీప్ డైరీతోనే. "నాకు అస్సలు నిద్ర పట్టదండీ" అని చెప్పే మనిషి కంటే పద్నాలుగు రోజుల అంకెలు, ఏ రోజు ఏం తాగారో, ఏ రాత్రి ఏం తలచుకుని లేచారో రాసిన కాగితాలు తెచ్చిన మనిషికి డాక్టరు త్వరగా దారి చూపగలరు. అపాయింట్‌మెంట్ దొరకడానికి రెండు వారాలు పట్టేట్టుంటే, రాయడం రేపు ఉదయమే మొదలుపెట్టొచ్చు.